మిరపఘాటుకి దగ్గని మనిషి

మాది నల్లపాడు. మిర్చి యార్డుకి దగ్గర. ఎంత దగ్గరంటే, గాలి ఇటు తిరిగిందంటే ఆ రోజు ఏ రకం సరుకు దిగిందో మా ఆయన మంచం మీద నుంచే చెప్పేస్తారు. నేను పొన్నూరు పిల్లని. మా వైపు వరి. మా ఊళ్ళో మనిషి దగ్గితే నుదుటి మీద చెయ్యేసి చూస్తారు, మిరియాల కషాయం కాస్తారు. పెళ్ళయి ఇక్కడికొచ్చిన మొదటి వేసవిలో నేను దగ్గి దగ్గి కళ్ళు తేలేస్తుంటే మా అత్తగారు వంటింట్లోంచి తొంగి చూసి, "సీజను మొదలైందన్నమాట" అని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయారు. ఇక్కడ దగ్గుని ఎవరూ రోగం కింద లెక్కెయ్యరని ఆ రోజే అర్థమైంది.

మా ఆయన యార్డులో ఓ కమీషన్ కొట్టు తరఫున సరుకు చూసే మనిషి. మిరపకాయల గోతాన్ని యార్డులో టిక్కీ అంటారు. రైతు తెచ్చిన టిక్కీ మూతి విప్పి, చెయ్యి మోచేతిదాకా లోపలికి దూర్చి, అడుగునుంచి ఓ కాయ లాగి, ముక్కు దగ్గర పెట్టుకుని విరుస్తారు. రకం, తేమ, ఘాటు, అన్నీ చెప్పేస్తారు. ముప్పయ్యేళ్ళుగా అదే పని. ఈ ముప్పయ్యేళ్ళలో కాయ విరిచి ఒక్కసారి కూడా దగ్గలేదని ఆయన చెప్పుకునే గొప్పల్లో మొదటిది. రెండోది నేనింతవరకూ వినలేదు, మొదటిదే ఎప్పటికీ పూర్తికాదు.

అలాంటి మనిషి పోయినేడు సీజనులో దగ్గారు. పరువు తక్కువని ఎవరికీ చెప్పలేదు. నాకు తెలియకుండా దొడ్లోకి వెళ్ళి, జామచెట్టు పక్కన నిలబడి దగ్గి వచ్చేవారు. దొంగచాటుగా సిగరెట్లు కాల్చే మొగుళ్ళ గురించి విన్నాను గానీ, దొంగచాటుగా దగ్గే మొగుణ్ణి నేనొక్కదాన్నే చూసి ఉంటాను. యార్డులో తెలిశాక తోటివాళ్ళు, "ఈ ఏడు తేజ రకం కాయ మరీ ఘాటు అన్నా, నీ తప్పేం లేదు" అని ఓదార్చారట. ఆ ఓదార్పుతో ఇంకో నెల గడిపారు. ఆ నెల చివర గేటు దగ్గర్నుంచి వసారా దాకా నడవడానికి మధ్యలో ఆగాల్సి వచ్చింది. పాదాలు ఉబ్బాయి. చెప్పులు వేసుకుంటే వేళ్ళు బయటికి తోసుకొచ్చాయి. అప్పుడు బలవంతాన గుంటూరులో గుండె డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను.

"గుండె నీరసపడిందండీ" అన్నారు డాక్టరమ్మ. "తొయ్యాల్సినంత రక్తం తొయ్యట్లేదు. నీరు వెనక్కి నిలబడి ఊపిరితిత్తుల్లోకి ఊరుతోంది. ఈ దగ్గు దానిది. మిరపకాయలది కాదు."

మా ఆయన మొహం వెలిగిపోయింది. "విన్నావా, మిరపకాయలది కాదంట" అన్నారు నాతో. ఆ క్షణంలో ఆయన్ని ఏమనాలో నాకు బాగా తెలుసు. డాక్టరమ్మ ముందు బాగుండదని ఊరుకున్నాను.

మందులు రాశారు. ఉప్పు తగ్గించమన్నారు, నీళ్ళు కొలిచి తాగమన్నారు, యార్డు దుమ్ములోకి వెళ్ళొద్దన్నారు. అప్పుడు నా భయం నేను చెప్పాను. మధ్యాహ్నం భోంచేసి పడుకున్నాక ఆయన ఊపిరి ఉండాల్సినట్టు ఉండటం లేదు. చిన్నగా మొదలై, పెద్దదై, ఇంకా పెద్దదై, మేడమెట్లు ఎక్కుతున్నట్టు రొప్పి, మళ్ళీ తగ్గుతూ తగ్గుతూ పోయి ఆగిపోతుంది. నిజంగానే ఆగిపోతుంది. ఫ్యాను చప్పుడొక్కటే మిగులుతుంది. నేను చేతిలో పని వదిలేసి ఆయన పొట్ట వైపు చూస్తూ నిలబడిపోతాను. కాసేపటికి ఆయన మళ్ళీ మొదలుపెడతారు. అప్పుడు తెలుస్తుంది, అంతసేపూ నేనూ ఊపిరి బిగబట్టుకునే ఉన్నానని.

డాక్టరమ్మ విసుక్కోకుండా చెప్పారు. "మెడలో, తలకి పోయే రక్తనాళం రెండుగా చీలే చోట బియ్యపుగింజంత కండ ఉంటుందండీ, అటొకటి, ఇటొకటి. రక్తంలో ఆక్సిజన్ సరిపడా ఉందా లేదా అని అది చూస్తూ ఉంటుంది. తగ్గితే గట్టిగా పీల్చమని మెదడుకి చెబుతుంది. గుండె నీరసపడితే దానికి కంగారెక్కువవుతుంది, కాస్త తగ్గినా గగ్గోలు పెడుతుంది. పైగా రక్తం నెమ్మదిగా కదులుతుంది కదా, కబురు ఆలస్యంగా చేరుతుంది. సరిపోయిందని తెలిసేలోపు ఎక్కువ పీల్చేస్తారు, ఎక్కువైందని తెలిశాక ఆపేస్తారు. ఆ ఎక్కడం, దిగడం అందుకే. ఈ మాత్రలు వాడుతుంటే గుండె కుదుటపడి, దాని కంగారూ మెల్లిగా తగ్గుతుంది. తొందరపడకండి."

"అంటే నా మెడలో కూడా సరుకు చూసే గుమాస్తా ఉన్నాడన్నమాట" అన్నారు మా ఆయన.

"ఉన్నాడండీ. ప్రస్తుతం కాస్త చాదస్తం ఎక్కువైంది."

మా ఆయనకి ఆ మాట తెగ నచ్చింది. ఇంటికొచ్చేదాకా ఆటోలో మెడ తడుముకుంటూనే ఉన్నారు. ఎదురింటివాళ్ళకి చెప్పారు, పాలవాడికి చెప్పారు. మాత్రలు మాత్రం నేను చేతిలో పెడితేనే వేసుకునేవారు. ఆయాసం వెంటనే తగ్గలేదు. డాక్టరమ్మ తొందరపడొద్దన్నారు కదా అంటే, "నువ్వెన్నైనా చెబుతావే, రొప్పేది నేను" అనేవారు. అదీ నిజమే. నేను తరవాతి మాత్ర చేతిలో పెట్టేదాన్ని.

అప్పుడు దాచేపల్లి నుంచి మా ఆయన అక్కగారు దిగారు. తమ్ముడికి ఒంట్లో బాగాలేదని తెలిసి ఓ నెల ఉండిపోదామని వచ్చింది. నేను వదినా అని పిలుస్తాను. మంచిది. ఆ మంచితనానికి అడ్డు తగలడం ఎవరి తరమూ కాదు. వస్తూ పండుమిరప పచ్చడి జాడీ, ఓ డబ్బానిండా మాత్రలూ తెచ్చుకుంది. వీళ్ళింట్లో పచ్చళ్ళూ మందులూ ఒకటే. ఎవరికైనా ఒకటి కుదిరిందంటే ఇంటిల్లిపాదికీ పంచుతారు. మా అత్తగారు ఉన్నరోజుల్లో, తన మోకాళ్ళ మాత్రలు నేను నా పంటినొప్పికి వేసుకోలేదని ఆవిడ ఓ వారం నాతో మాట్లాడలేదు.

ఆ తరవాత జరిగిన రెండు పనులు నాకు ఆలస్యంగా తెలిశాయి. మీకు ముందే చెప్పేస్తున్నాను, నేను పడిన చిరాకు మీరెందుకు పడాలి? మొదటిది, మా ఆయన "ఊరికే కూర్చుని వస్తా" అని యార్డుకి వెళ్ళడం మొదలుపెట్టారు. అక్కడ కొట్లలో కొందరికి ఓ అలవాటు ఉంది. దుమ్ముకి గొంతు పట్టేస్తుందని టీ తాగాక మూతెడు దగ్గు మందు పోసుకుంటారు. మత్తు ఉండే రకం. తెలిసిన మందుల కొట్టువాడు చీటీ అడగకుండా ఇస్తాడు. వక్కపొడి వేసుకున్నంత తేలిగ్గా వేసుకుంటారు. మా ఆయన కూడా పొద్దున మూతెడు, సాయంత్రం మూతెడు పుచ్చుకోసాగారు. రెండోది, ఇంటికొచ్చాక వదిన తన నిద్రమాత్రలో సగం విరిచి, "గుండెకి నిద్ర కావాలిరా తమ్ముడూ" అని ఆయనకి పెట్టేది.

నాకు కనిపించిందల్లా ఒకటే. ఆయన బాగుపడ్డారు. వారం తిరిగేసరికి దగ్గు పోయింది. ఆయాసం పోయింది. డాబా ఎక్కి దిగి, "చూశారా?" అని వీధిలో అందరికీ వినపడేలా అడిగారు. మధ్యాహ్నం ఊపిరి ఎక్కడం, దిగడం కూడా పోయి, బల్లపరుపుగా, సన్నగా వచ్చేది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఫ్యాను కింద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ ఆ ఊపిరి వింటుంటే ఇంతకన్నా ఏం కావాలి అనిపించేది. డాక్టరమ్మ మాత్రల మహిమ అనుకున్నాను. ఆయన మాత్రం, "ఆ మాత్రలదేముందే" అని అదోలా నవ్వేవారు. ఆయాసం లేదు కాబట్టి నేను అటు తిరగ్గానే అన్నంలో పండుమిరప పచ్చడి కలుపుకునేవారు. పాదాలు మళ్ళీ ఉబ్బాయి. అడిగితే, "కూర్చుని కూర్చుని అలా అయినాయిలే" అన్నారు. మాట కాస్త నెమ్మదించింది. నిద్ర ఎక్కువైంది. అదీ మంచికే అంది వదిన.

ఆదివారం సాయంత్రం పక్కింటి పంతులుగారి భార్య వచ్చి, "అన్నయ్యగారు ఎంత తేరుకున్నారండీ!" అంది. వదిన గబుక్కున నా వైపు తిరిగింది. "ఇందుకే అమ్మాయ్, ఇందుకే. అందరి కళ్ళూ వీడి మీదే ఉన్నాయి. దిష్టి తియ్యాలి" అని లేచి, వంటింట్లోకెళ్ళి గుప్పెడు ఎండుమిరపకాయలు, రాళ్ళుప్పు తెచ్చింది. మా ఆయన కుర్చీలోంచి ఆ గుప్పెట్లోకి తొంగి చూశారు.

"ఇవి తాలుకాయలక్కా. రంగు దిగిపోయినాయి. నాకు తాలుకాయలతో దిష్టి తీస్తావా?"

"నిప్పుల్లో పడేసేదానికి ఏ కాయైతే ఏంరా?"

"యార్డులో తెలిస్తే నవ్వుతారు. పై అరలో తేజకాయలున్నాయి, అవి తీసుకురా."

తెచ్చింది. ఆయన్ని గడప దగ్గర తూర్పుముఖంగా కూర్చోబెట్టి, ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అని మొదలుపెట్టి, యార్డులో ఎదురుకొట్టువాళ్ళనీ పక్కకొట్టువాళ్ళనీ ఎవర్నీ వదలకుండా తిప్పింది. కుంపట్లో నిప్పులమీద పడేసింది. మా ఇళ్ళల్లో లెక్క ఏమిటంటే, దిష్టి ఉంటే కాయలు ఘాటు రాకుండా కాలిపోతాయి. ఘాటు వచ్చిందంటే దిష్టి లేనట్టే.

ఘాటు వచ్చింది. మామూలు ఘాటు కాదు, అసలు సిసలు తేజ. అప్పుడే గాలి కూడా లోపలికి తిరిగింది. వదిన దగ్గింది, నేను దగ్గాను, పంతులుగారి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వీధిలోకి పరిగెత్తింది. వీధిలో పోయే సైకిలతను దిగి నిలబడి దగ్గాడు. పొగ మధ్యలో మా ఆయన తీరిగ్గా కూర్చుని ఉన్నారు. కళ్ళవెంట ధారగా నీళ్ళు కారుతున్నాయి. దగ్గలేదు.

"చూశావా అమ్మాయ్" అంది వదిన దగ్గుతూ, "వీడికి... వీడికి అసలు ఘాటే తగల్లేదు. ఎంత దిష్టి ఉందో చూడు!"

నేను చూస్తూనే ఉన్నాను. ఈ మనిషి రెండు వారాల క్రితం నేను పప్పులోకి తాలింపు వేస్తే ముందుగదిలోంచి దగ్గి, చంపుతావా అని అరిచిన మనిషి. ఊపిరితిత్తులు తేరుకుంటే తాలింపుకి దగ్గకపోవచ్చు. ఇంతమందిమి పొర్లి పొర్లి దగ్గుతుంటే ఒక్కసారైనా పొలమారకపోవడం ఏమిటి? యార్డు గొప్పలకి కూడా ఓ హద్దు ఉంటుంది. దగ్గరికెళ్ళి, "ఏమండీ" అన్నాను. కాసేపటికి కళ్ళు ఇటు తిప్పారు. "ఊఁ?" అన్నారు, అదీ చాలా దూరం నుంచి. పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. ఊపిరి చూశాను. వస్తోంది, చాలా తీరిగ్గా వస్తోంది. ఒకటి వచ్చాక రెండోది వస్తుందో రాదో అన్నట్టు వస్తోంది.

పంతులుగారి భార్యని కేకేసి, కరోనా రోజుల్లో వాళ్ళు కొన్న వేలికి పెట్టే మిషను తెప్పించాను. తొంభై దాటాల్సిన అంకె ఎనభై దగ్గర ఉంది. మిషను పాడైందేమోనని నా వేలికి పెట్టుకున్నాను. పాడవలేదు.

"ఆటో పిలవండి" అన్నాను.

వదిన గడపకి అడ్డం నిలబడింది. "దిష్టి తీసిన మనిషి గడప దాటకూడదు అమ్మాయ్. కాసేపు ఆగు, కాళ్ళు కడుక్కోనీ."

"వదినా, మీరు పక్కకి జరుగుతారా, మిమ్మల్ని కూడా ఎక్కించమంటారా?"

జరిగింది. జరిగి, తనూ ఎక్కింది. యార్డు రోడ్డంతా టిక్కీల లారీలు. మా ఆటోవాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఆయన తల నా భుజం మీద పెట్టుకుని దారి పొడుగునా ఆయన్ని మాట్లాడిస్తూనే ఉన్నాను. ఏం మాట్లాడాలో తోచక ఏ లారీలో ఏం సరుకో చెప్పమన్నాను. మొదటి రెండిటికీ చెప్పారు. మూడోదానికి చెప్పలేదు. నేను ఆయన బుగ్గమీద కొట్టాను. ముప్పయ్యేళ్ళ కాపురంలో అదే మొదటిసారి. గట్టిగానే కొట్టాను.

ఆసుపత్రిలో ముక్కుకి మాస్కు పెట్టారు, ఇంజక్షన్లు చేశారు, మమ్మల్ని బయట కూర్చోబెట్టారు. చాలాసేపటికి డాక్టరమ్మ లోపలికి పిలిచారు. ఆయన కళ్ళు తెరిచి ఉన్నారు.

"ఈయన ఇంకేమేం వాడుతున్నారమ్మా?"

"మీరు రాసినవేనండీ" అన్నాను, రోషంగా.

మాస్కు కింద నుంచి మా ఆయన వేలెత్తారు. "దగ్గు మందు. మూతెడే. యార్డులో అందరూ..." అన్నారు. ఆ వెంటనే వదిన చేతిసంచీ తెరిచి నిద్రమాత్రల పట్టీ తీసి బల్లమీద పెట్టి, "ఇదీనండీ. సగమే" అంది. నేను ఆ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాను. ఒకే పోలిక. అక్కాతమ్ముళ్ళని ఎవరికీ చెప్పక్కర్లేదు.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అదీ సంగతి."

"కానీ అది తాగాక ఆయాసం తగ్గిందండీ" అన్నారు మా ఆయన.

"ఎందుకు తగ్గదండీ, ఆ మందు చేసేదే అది. మీ మెడలో గుమాస్తా అరుస్తూనే ఉన్నాడు. పైన వినేవాళ్ళని మీరు పడుకోబెట్టారు. లోపల నీరు చేరుతూనే ఉంది, ఆక్సిజన్ పడిపోతూనే ఉంది, మీకు కబురు రాలేదంతే. దాని మీద నిద్రమాత్ర కూడానూ."

నాకు అర్థం కానిది ఒకటుంది. అడిగేశాను. "మీ మాత్రలు కూడా దాని కంగారు తగ్గించేవే అన్నారు కదండీ?"

"మావి గుండెని బాగుచేసి, కంగారుపడే అవసరం తగ్గిస్తాయమ్మా. నెలలు పడుతుంది. ఇవి ఒక్క గుక్కలో నోరు నొక్కేస్తాయి. ఆయాసం మరీ భరించలేనివాళ్ళకి ఒక్కోసారి అలాంటి మందు మేమూ కొద్దిగా ఇస్తాం, కొలిచి, కనిపెట్టుకుని ఉండి. టీ తరవాత మూతెడు ఇవ్వం. దగ్గడం, ఊపిరాడక లేచి కూర్చోవడం, ఇవి మనిషిని కాపాడేవి. ఇంకో రెండు రోజులు ఇలాగే బాగున్నానని తిరిగి ఉంటే నిద్రలోనే పోయేవారు. ఇంతకీ మీకు ఎలా అనుమానం వచ్చింది?"

దిష్టి సంగతి చెప్పాను. ఆవిడ నవ్వలేదు. పక్కనున్న నర్సు నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళింది.

వరండాలో నాకు కోపం వచ్చింది. అప్పటిదాకా కోపానికి తీరిక లేదు. "మీ తమ్ముడు పోతే రేపటినుంచి దిష్టి ఎవరికి తీస్తారు వదినా?" అన్నాను. అనకూడని మాటే. వదిన బల్లమీద కూలబడి కొంగులో మొహం దాచుకుంది. "వాడు రొప్పుతుంటే చూడలేకపోయా అమ్మాయ్. నిద్రపడితే చాలనుకున్నా" అంది. నేనూ రొప్పుడు ఆగిందనే సంతోషపడ్డాను కదా. క్యాంటీన్లోంచి ఒక ప్లేటు ఇడ్లీ తెచ్చి మధ్యలో పెట్టాను. చట్నీ కారంగా ఉంది. ఇద్దరం అందులోనే తిన్నాం.

నీరంతా లాగేశాక ఇంటికి పంపారు. ఇంటికొచ్చిన మర్నాడే ఆయాసం మళ్ళీ మొదలైంది. "చూడు, హాయిగా ఉన్నవాణ్ణి తీసుకెళ్ళి మళ్ళీ రొప్పేవాణ్ణి చేసి తెచ్చావు" అన్నారు. "అవునండీ" అన్నాను. మధ్యాహ్నం నిద్రలో ఊపిరి మళ్ళీ మెట్లెక్కి దిగడం మొదలుపెట్టింది. మళ్ళీ ఫ్యాను చప్పుడు, మళ్ళీ నా నిలబడటం. ఈసారి నాకు అందులో గుమాస్తా గొంతు వినపడేది. అరవనీ అనుకునేదాన్ని. నెలలు గడిచేకొద్దీ ఆ మెట్లు తగ్గాయి, ఆయాసమూ తగ్గింది, ఈసారి పాదాల వాపుతో సహా. అయినా నాకు నమ్మకం కుదరలేదు. ఒకసారి బాగుపడటం చూసి మోసపోయినదాన్ని. ఏ పూటైనా మరీ నెమ్మదిగా ఉన్నారంటే దగ్గరికెళ్ళి పెదాల రంగు చూసేదాన్ని. తాలింపులో రోజూ ఓ కాయ ఎక్కువ తుంచి వేసి ముందుగది వైపు చెవి పెట్టేదాన్ని. కిటికీ తీసే ఉండేది కాబట్టి ఘాటు అంతదూరం చేరేది కాదు. ఏమీ తేలేది కాదు.

ఈ ఏడు కొత్త సరుకు యార్డుకి రావడం మొదలయ్యాక వదిన మళ్ళీ వచ్చింది. మాత్రల డబ్బా గేటు దగ్గరే నా చేతికిచ్చేసింది. దిష్టి మాత్రం మానలేనంది. పొగ వద్దన్నారని నేనంటే, వాకిట్లో, దూరంగా, ఒకే ఒక్క కాయతో అని బతిమాలింది. ఆయన కూడా సరే అన్నారు, కాయ తను ఎంచుతానన్న షరతు మీద. కొత్త పంట తేజ, ఎర్రగా మెరుస్తున్నది ఒకటి ఏరి ఇచ్చారు. వదిన తిప్పింది. కుంపట్లో వేసింది. గాలి ఎటు తిరుగుతుందో అని అందరం చూశాం.

మా వైపే తిరిగింది. ముందు వదిన దగ్గింది, తరవాత నేను. ఆయన నిటారుగా కూర్చుని కాసేపు బిగబట్టారు, ముప్పయ్యేళ్ళ పరువుని. అప్పుడు భుజాలు ఎగిరిపడ్డాయి. దగ్గారు. వంగిపోయి, మోకాళ్ళు పట్టుకుని, మెడ నరాలు ఉబ్బి, వీధి చివరిదాకా వినపడేలా దగ్గారు. దగ్గుల మధ్య, "చంపేస్తారేమే, తియ్యండా కుంపటి!" అని అరిచారు.

వదిన మొహం వాడిపోయింది. "ఇంత ఘాటా! వీడికి దిష్టే లేదు అమ్మాయ్. ఎవరి కన్నూ పడలేదు" అంది.

"ఎవరి కన్నూ లేదా?" అన్నారు ఆయన, దగ్గుతూనే, బాగా చిన్నబుచ్చుకుని.

నేను కుంపటి తీసి అవతల పెట్టి వచ్చి ఆయన వీపు మీద చెయ్యి వేశాను. అరచేతి కింద దగ్గు తన్నుకొస్తోంది. నాకు ఏడుపు ఆగలేదు. అందరి కళ్ళల్లోనూ నీళ్ళే కాబట్టి ఎందుకని నన్నెవరూ అడగలేదు.